ఇంట్లో కాచిన బీరు చెడిపోతే జబ్బు చేస్తుందా? సీసా తెరిచే ముందు తేల్చుకోవలసిన విషయాలు

పుల్లబడి, వాసన మారి, పైన తెల్లని పొర కట్టిన ఇంటి బీరు తాగితే ప్రాణం మీదికి వస్తుందా అని అడిగేవారికి మొదటే ఒక సూటి సమాధానం చెప్పాలి. సరిగ్గా మరిగించి, హాప్స్ అనే చేదు పూలు వేసి, ఈస్ట్‌తో పూర్తిగా పులియబెట్టిన బీరును ఆ తర్వాత ఏ బాక్టీరియా పాడు చేసినా, దాదాపు ఎప్పుడూ నష్టపోయేది రుచే. మనిషిని నిజంగా పడగొట్టేవి వేరే దారుల్లో వస్తాయి: పులియక ముందు గంటల తరబడి నిలవ ఉన్న ద్రవం, బూజు పట్టిన గింజ, చివర్లో కలిపిన పచ్చి నీళ్లు, సరిపడని పాత్ర, పాత్రలు కడిగే రసాయనం, పగిలిన సీసా. వీటిలో చాలావాటికి వాసన ఉండదు. అందువల్ల ముక్కు చెప్పే తీర్పును నమ్మి సీసాను పారబోయడం గానీ, తాగడం గానీ సరికాదు. ఆ బీరు ఎలా తయారైందో, అందులో ఏమేమి చేరాయో అడిగి తెలుసుకోవడమే సరైన పద్ధతి. కింది మెట్లన్నీ ఆ విచారణను ఒక వరుసలో పెట్టడానికి రాసినవి.

హైదరాబాద్ పాఠకులు ఒక విషయం ముందుగా గుర్తుంచుకోవాలి. తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. సొంత వాడకానికే అన్నంత మాత్రాన ఇంటి బీరుకు మినహాయింపు రాదు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి ఫెడరల్ చట్టం 1979 నుంచి సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడాన్ని అనుమతిస్తోంది, 2013 నాటికి మిగిలిన రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు, అల్లుడు గ్యారేజీలో బీరు కాస్తున్నారని, చూడటానికి వెళ్లినప్పుడు గ్లాసులో పోసి ఇచ్చారని చెప్పేవారు మన నగరంలో తక్కువ మందేమీ కాదు. ఇక్కడే ఉండి అల్లం బీరు, కొంబుచా (పులియబెట్టిన తీపి టీ) వంటివి చేసుకునే వారు కూడా పెరిగారు. ఇది ఆ రెండు వర్గాలకు పనికివచ్చే మార్గదర్శి. బీరు తయారీ విధానం చెప్పడం దీని ఉద్దేశం కాదు.

బీరు తనను తాను ఎలా కాపాడుకుంటుంది

జబ్బు చేసే బాక్టీరియాకు బీరు కష్టమైన చోటు. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ, నుంచి తీసిన తీపి ద్రవాన్ని, అంటే వర్ట్‌ను, గంటసేపు మరిగించడంతో అందులోని బతికున్న క్రిములు చాలావరకు చస్తాయి. హాప్స్ చేదుకు కారణమైన ఆమ్లాలు గ్రామ్ పాజిటివ్ అనే తరగతి బాక్టీరియాలో చాలావాటిని ఎదగనివ్వవు. ఈస్ట్ పని మొదలుపెట్టాక ద్రవం పుల్లబడి, పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.2 ప్రాంతం నుంచి 4.5 కిందికి దిగుతుంది. ఆక్సిజన్ అయిపోతుంది, చక్కెరలు ఖర్చయిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది, నాలుగైదు శాతం ఆల్కహాల్ చేరుతుంది. ఈ అడ్డంకులన్నీ ఒకేసారి ఎదురైనందువల్ల సాల్మొనెల్లా, ఈకోలై, లిస్టీరియా వంటివి మామూలు బీరులో పెరగలేవు.

అయితే 'ఆల్కహాల్ ఉంది కాబట్టి క్రిమి బతకదు' అన్న మాట నిజం కాదు. క్రిములను చంపడానికి చేతులకు రాసుకునే ద్రవంలో 60 శాతానికి పైగా ఆల్కహాల్ ఉండాలి. బీరులోని అయిదు శాతం ఒంటరిగా ఏ పనీ చేయలేదు. పైన చెప్పిన అడ్డంకులన్నీ కలిసి పని చేస్తేనే రక్షణ ఉంటుంది, వాటిలో ఒకటి రెండు తొలగితే కోటకు గండి పడినట్టే. ఆల్కహాల్ లేని బీరు ఇందుకు మంచి ఉదాహరణ: హాప్స్ ఉన్నా, మరిగించినా, పీహెచ్ కాస్త ఎక్కువగా ఉండి వెచ్చని చోట నిలవ ఉంటే ఈకోలై, సాల్మొనెల్లా అందులో పెరగగలవు. అలాగే పెరగలేకపోవడం వేరు, కొన్నాళ్లు బతికి ఉండటం వేరు. నోరోవైరస్, హెపటైటిస్ ఏ వంటి వైరస్‌లకు ద్రవంలో పెరగవలసిన అవసరమే లేదు. చేరిన కొద్దిపాటి కణాలు అలాగే కడుపులోకి వెళ్తే చాలు.

మొదటి మెట్టు: పులియడం సకాలంలో మొదలైందా?

ఈ మెట్టుకు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే బీరు జీవితంలో నిజమైన ప్రమాద ఘడియలు వర్ట్ చల్లారడానికీ ఈస్ట్ ఊపందుకోవడానికీ మధ్యనే ఉంటాయి. గోరువెచ్చని పాలలో తోడు వేయడం మరిచిపోతే ఏం జరుగుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. తోడు పడితే అవే పాలు పెరుగవుతాయి. వర్ట్ కూడా అంతే. చక్కెర, మాంసకృత్తులు నిండుగా ఉన్న ఆ ద్రవంలో పులుపు గానీ ఆల్కహాల్ గానీ ఇంకా పుట్టలేదు కాబట్టి ఏ బాక్టీరియా ముందుగా చేరితే అదే రాజ్యం చేస్తుంది. తగినంత ఆరోగ్యకరమైన ఈస్ట్‌ను వేస్తే 12 నుంచి 24 గంటల్లో నురగ కనిపించాలి. రెండు రోజులైనా కదలిక లేని వర్ట్‌ను కొత్త ఈస్ట్ వేసి బతికించుకోవచ్చునన్న సలహా తరచుగా వినిపిస్తుంది. నా అభిప్రాయంలో, ఉడికించిన క్యాబేజీ వంటి వాసనో మురుగు వాసనో వస్తుంటే ఆ ద్రవాన్ని కాపాడవలసిన అవసరం లేదు.

ఇక్కడ అందరూ భయపడే పేరు బొటులిజం. క్లాస్ట్రిడియం బొటులినం అనే బాక్టీరియా బీజాలు మట్టిలో, గింజల మీద ఉంటాయి. 100 డిగ్రీల మరుగుకు అవి చావవు. వాటిని చంపాలంటే ప్రెషర్ కుక్కర్‌లో వలె 121 డిగ్రీల వేడి కావాలి. గాలి ఆడని చోట, పీహెచ్ 4.6 కంటే ఎక్కువగా ఉన్న ద్రవంలో అవి మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. పూర్తయిన బీరు ఆ గీతకు కిందే ఉంటుంది కాబట్టి అందులో ఈ భయం లేదు. వర్ట్ మాత్రం గీతకు పైన ఉంటుంది. వేడి వర్ట్‌ను డబ్బాలో పోసి, గట్టిగా మూత బిగించి, తీరిక దొరికినప్పుడు ఈస్ట్ వేద్దామని రోజుల తరబడి గది ఉష్ణోగ్రతలో ఉంచే అలవాటు కొందరికి ఉంది. ఒక్క రాత్రి చల్లారనిచ్చి మరునాడు ఈస్ట్ వేయడం వేరు, వారాల తరబడి నిలవ ఉంచడం వేరు. నిలవ ఉంచిన వర్ట్‌తో చేసిన బీరు అని తెలిస్తే నేనైతే ముట్టను. ఆ తర్వాత అది ఎంత చక్కగా పులిసినా, ముందే తయారైన విషాన్ని ఈస్ట్ తొలగించదు.

ఇది ఊహలోని ప్రమాదం కాదనడానికి అమెరికా జైళ్లు సాక్ష్యం. 2011లో యూటా రాష్ట్ర జైలులో ఎనిమిది మంది ఖైదీలు దొంగచాటుగా పండ్లు, చక్కెర, రోజుల తరబడి నిలవ ఉన్న కాల్చిన బంగాళదుంప కలిపి పులియబెట్టిన మద్యం తాగి బొటులిజం బారిన పడ్డారు. 2016లో మిసిసిపీలోని ఒక ఫెడరల్ జైలులో ఇలాగే ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది. ఆ ద్రవాలను ఎవరూ మరిగించలేదు, హాప్స్ లేవు, తాగింది మామూలు బీరూ కాదు. ఇంటి మద్యాన్ని మొత్తంగా ఒక గాటన కట్టి భయపడటమూ, బీరుకున్న రక్షణ అన్నిటికీ ఉందనుకోవడమూ రెండూ పొరపాట్లేనని ఇవి చూపిస్తాయి.

రెండో మెట్టు: పూర్తయిందా లేదా కొలవండి

నాలుకకు బదులు రెండు పరికరాలను నమ్మాలి. మొదటిది ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్; చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ దాని రీడింగు తగ్గుతుంది. మొదటి రీడింగు 1.050, చివరిది 1.012 అయితే తేడా 0.038; దాన్ని 131తో గుణిస్తే సుమారు 5 శాతం ఆల్కహాల్ వచ్చిందని అర్థం. రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రీడింగులు మారకపోతే పులియడం ఆగినట్టు. రెండోది పీహెచ్ కొలిచే సాధనం; కాగితపు పట్టీల కంటే చిన్న డిజిటల్ మీటరే నయం, ఎందుకంటే బీరు రంగు పట్టీని మోసం చేస్తుంది. సాధారణ బీరు 4.0 నుంచి 4.5 మధ్య ఉంటుంది. 4.6 దాటిన ద్రవాన్ని బీరుగా పరిగణించవద్దు.

కొంబుచా, అల్లం బీరు చేసేవారికి ఈ మెట్టు ఇంకా ముఖ్యం. వాటిలో హాప్స్ లేవు, ఆల్కహాల్ స్వల్పం, కాబట్టి పులుపు ఒక్కటే కాపలా. కొంబుచా వారం రోజుల్లో 4.2 కిందికి రావాలి. రాకపోతే పాత కొంబుచా తగినంత కలపలేదని భావించి పారబోయడం మేలు. అల్లం భూమిలో పెరిగే దుంప కాబట్టి మట్టి పూర్తిగా పోయేలా కడిగి, నిమ్మరసం మొదటే పిండడం మంచి అలవాటు.

మూడో మెట్టు: పైపొరను చూసి తేడా పట్టండి

పాత్ర మూత తీయగానే తెల్లగా, సన్నగా, ముడతలు పడినట్టు, మధ్యలో బుడగలతో కనిపించే పొర గాలిలోని అడవి ఈస్ట్‌లు, ముఖ్యంగా బ్రెటనోమైసిస్, లేదా లాక్టిక్ బాక్టీరియా వల్ల వస్తుంది. ఇది చూడటానికి భయంకరంగా ఉన్నా హాని చేయదు; బెల్జియంలో కొన్ని పుల్లని బీర్లను ఇదే క్రిములతో కావాలని తయారు చేస్తారు. పులుస్తున్నప్పుడు గోడలకు అంటుకునే గోధుమ రంగు తెట్టు, అడుగున చేరే మడ్డి కూడా మామూలే.

దూదిలా నూగుగా లేచి, పచ్చగా, నల్లగా, నీలంగా, గులాబీగా కనిపించేది బూజు. కొందరు గరిటెతో దాన్ని తీసేసి కింది బీరు వాడుకుంటారు. ఆమ్ల ద్రవం మీద పడిన ప్రతి బూజూ విషం చేయదన్నది నిజమే, కానీ ఏది చేస్తుందో కంటితో చెప్పలేం, దాని దారాలు పైపొర కిందికి కూడా దిగుతాయి. అయిదు గ్యాలన్ల బీరు విలువ ఎంతైనా దానికోసం ఈ జూదం అనవసరం. కొంబుచా మీద బూజు కనిపిస్తే ద్రవంతో పాటు దాన్ని పులియబెట్టే జిగురు చక్రాన్నీ పారేయాలి.

నాలుగో మెట్టు: వాసన, రుచి ఏం చెబుతాయి

ముక్కుకు కూడా కొంత పని ఉంది, అయితే దాని పరిధి రుచి వరకే. వెనిగర్ వాసన వస్తే గాలి తగిలి అసిటోబాక్టర్ ఆల్కహాల్‌ను అసిటిక్ ఆమ్లంగా మార్చిందని అర్థం. ఉదయం దించిన కల్లు మరునాటికి ఎలా మారుతుందో చూసినవారికి ఇది కొత్త కాదు. వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థానిది, పుల్లబరిచే బాక్టీరియా అయిన పెడియోకాకస్ చేరినా, ఈస్ట్ పని అసంపూర్తిగా వదిలినా వస్తుంది. ద్రవం జిగటగా తీగ సాగితే అదీ పెడియోకాకస్ పనే. దవాఖానా పట్టీల వాసన రెండు కారణాల వల్ల వస్తుంది: అడవి ఈస్ట్, లేదా కుళాయి నీళ్లలోని క్లోరిన్. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు ఏవి వచ్చినా మన కుళాయిల్లో క్లోరిన్ ఉంటుంది, అది మాల్ట్ పదార్థాలతో కలిసినప్పుడు లేశమాత్రం ఉన్నా ఈ ఘాటును పుట్టిస్తుంది. ఇవేవీ మనిషిని ఆసుపత్రికి పంపేవి కావు. ఇష్టం లేకపోతే పారబోయవచ్చు, అంతే.

ఒక మినహాయింపు ఉంది. లాక్టిక్ బాక్టీరియా బాగా పెరిగిన బీరులో టైరమిన్, హిస్టమిన్ అనే పదార్థాలు ఎక్కువగా చేరతాయి. ఆరోగ్యవంతులకు ఇవి తలనొప్పి, ముఖం ఎర్రబడటం వరకే ఇబ్బంది పెడతాయి. మోనోఅమైన్ ఆక్సిడేజ్ నిరోధకాలనే మానసిక వైద్యపు మందులు వాడేవారికి మాత్రం టైరమిన్ వల్ల రక్తపోటు ప్రమాదకరంగా పెరగగలదు. లైనెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌కు కూడా కొంతవరకు ఇదే గుణం ఉంది. ఈ మందులు వాడేవారు పాశ్చరైజ్ చేయని ఏ బీరునూ, చెడినదైనా మంచిదైనా, తాగకూడదు.

వేసవిలో పులిసిన బీరు తాగి మరునాడు తల పగిలిపోతోందని చెప్పేవారు 'క్రిమి పడింది' అనుకుంటారు. ఏల్ రకం బీరుకు వాడే ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గది ఉష్ణోగ్రత 30 దాటే ఉంటుంది, టెక్సస్ గ్యారేజీలు అంతకన్నా తక్కువేమీ కాదు. ఆ వేడికి ఈస్ట్ ఘాటైన భారీ ఆల్కహాళ్లను ఎక్కువగా విడుదల చేస్తుంది, గొంతులో మంట, పెయింటు కరిగించే ద్రవం వంటి వాసన వాటివే. అడుగు మడ్డితో సహా తాగితే బతికున్న ఈస్ట్ కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. దీన్ని ఆహార విషం అనలేం. సీసాను వంచకుండా పోసి, చివరి రెండు వేళ్ల ద్రవం వదిలేస్తే సరిపోతుంది.

అయిదో మెట్టు: గింజ గురించి అడగండి

2015 జనవరిలో మొజాంబిక్‌లోని చితిమా అనే ఊళ్లో ఒక అంత్యక్రియల తర్వాత ఇంట్లో కాచిన సంప్రదాయ మొక్కజొన్న బీరు తాగి 75 మంది చనిపోయారు. తొలుత మొసలి పిత్తం కలిపారన్న పుకారు లోకమంతా పాకింది. తర్వాత జరిగిన పరిశోధనలో తేలింది వేరు: పాడైన మొక్కజొన్న పిండిలో బర్ఖోల్డేరియా గ్లాడియోలై అనే బాక్టీరియా బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని తయారు చేసింది. ఆ విషానికి రుచీ వాసనా లేవు, కాచినా పోదు. ఇంటి బీరు ప్రాణం తీయదని తేలికగా చెప్పేవారికి ఈ ఒక్క సంఘటన జవాబు చెబుతుంది. అయినా అక్కడ తప్పు పులియడంలో జరగలేదు, పిండిలో జరిగింది.

మన ఇళ్లలో వర్షాకాలం గింజకు చెమ్మ తగలడం సాధారణం. బూజు పట్టిన మాల్ట్‌లో, జొన్నలో, మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్, ఆక్రటాక్సిన్ వంటి విషాలు ఉండవచ్చు. వీటిలో కొంత భాగం మరుగును, పులియడాన్ని దాటి బీరులోకి వస్తుంది. ఎండబెట్టినా, వేయించినా బాగుపడదు కాబట్టి ముక్కవాసన పట్టిన గింజను వాడకూడదు. అన్నాన్ని కలిపి కాచే పద్ధతిలో ఇంకొక చిక్కు ఉంది: రాత్రి వండి బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ చేసే వాంతుల విషం 121 డిగ్రీల వేడికీ చెడదు. బియ్యం వాడితే వండిన వెంటనే వాడాలి.

ఆరో మెట్టు: మరిగిన తర్వాత ఏం చేరింది?

నగరవాసులు నిర్లక్ష్యం చేసే మెట్టు ఇదే. గంటసేపు మరిగించిన వర్ట్‌లో కొలత తగ్గిందని అయిదు లీటర్ల కుళాయి నీళ్లు పోస్తే అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది. వానాకాలంలో తాగునీటి పైపుల్లోకి మురుగు చేరడం మన బస్తీలకు, అపార్ట్‌మెంట్లకు కూడా తెలిసిన బాధే. టైఫాయిడ్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ మూడూ ఆ దారినే వస్తాయి. కలిపే నీళ్లు, చక్కెర పాకం, చల్లబరచడానికి నేరుగా వేసే ఐసు, చివర్లో వేసే మామిడి గుజ్జు, అన్నీ మరిగించిన నీటితో చేసినవో పాశ్చరైజ్ చేసినవో అయి ఉండాలి. బుడగలు కదలాడేలా ఒక నిమిషం మరిగితే నీటికి సరిపోతుంది. బోరు నీళ్లపై అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు.

వాంతులు, విరేచనాలతో బాధపడినవారు అవి ఆగిన 48 గంటల వరకు సీసాలు నింపే పనికి, గ్లాసుల్లో పోసే పనికి దూరంగా ఉండాలి. విందులో పదిమంది ఒకేసారి పడిపోతే బీరుకన్నా ముందు బీరు పోసిన చేతిని అనుమానించాలి. నిజం చెప్పాలంటే, ఆ రెంటికన్నా ముందు మంచింగ్‌ను అనుమానించాలి. సాయంత్రం నాలుగింటికి తెచ్చి రాత్రి పదింటి దాకా బల్ల మీదున్న చికెన్ 65, పచ్చి గుడ్డు మయొనైజ్ వల్ల జబ్బు పడి నింద బీరు మీద వేసినవారు చాలామంది ఉంటారు. ఆ మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించిందంటే ఊరికే కాదు.

ఏడో మెట్టు: పాత్ర, కడిగే రసాయనం, బయటి కల్తీ

పులుపును ఇత్తడి గిన్నెలో పెడితే చిలుమెక్కుతుందని ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు, బీరుకూ అది వర్తిస్తుంది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో రోజుల తరబడి ఆమ్ల ద్రవం నిలవ ఉంటే రాగి కరిగి వాంతులు కలిగిస్తుంది. జింకు పూత పూసిన ఇనుప బకెట్లూ అంతే. అలంకారపు పింగాణీ జాడీల మెరుగు పూతలో సీసం ఉండే అవకాశం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, ఆహారం కోసం తయారైన ప్లాస్టిక్, ఈ మూడు తప్ప వేరేవాటిని పులియబెట్టడానికి వాడవద్దు. పెయింటు, రసాయనాల డబ్బాలను ఎంత కడిగినా పనికిరావు. గీతలు పడిన ప్లాస్టిక్ బకెట్‌ను బాగా తోమినా గీతల్లో బాక్టీరియా దాగి ఉంటుంది, దాన్ని మార్చేయాలి.

పాత్రలు కడిగే రసాయనం విషయంలో రెండు ప్రమాదాలు. ఒకటి, కాస్టిక్ సోడా గానీ ఆమ్లం గానీ తాగునీటి సీసాలో పోసి పెట్టడం. మత్తులో ఉన్నవాడు ఏ సీసా తీస్తాడో చెప్పలేం. రెండోది, బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తోనో బాత్రూమ్ యాసిడ్‌తోనో కలపడం. అప్పుడు క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది.

బయటి నుంచి చేరిన రసాయనం వల్ల జరిగిన మరణాలు బీరు చరిత్రలో తక్కువేమీ కాదు. 1900లో మాంచెస్టర్ పరిసరాల్లో చక్కెర తయారీకి వాడిన గంధకామ్లంలోని ఆర్సెనిక్ బీరులోకి చేరి వేలమంది జబ్బు పడ్డారు. 2020 ప్రారంభంలో బ్రెజిల్‌లోని బెలో హొరిజాంచిలో ఒక బ్రూవరీ శీతలీకరణ ద్రవమైన డైఇథిలీన్ గ్లైకాల్ బీరులో కలిసి పలువురు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. ఇంట్లో గ్లైకాల్‌తో చల్లబరిచే యంత్రం పెట్టుకున్నవారు ఆహార తరగతి ప్రొపిలీన్ గ్లైకాల్ తప్ప కార్లలో పోసే కూలెంట్ వాడకూడదు. మత్తు కోసం కల్లులో అల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం మన నగరానికి పాత బెడద. 2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు కూడా. పులిసినందువల్ల కల్లు చెడ్డదైపోలేదు, అందులో కలిపినవే చంపాయి.

మిథనాల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గింజతో కాచిన బీరులో మిథనాల్ హాని చేసేంత పుట్టదు. సారా కాచేటప్పుడు, పారిశ్రామిక స్పిరిట్ కలిపినప్పుడు ఆ ముప్పు వస్తుంది. బీరు చేసినవారు దాన్ని 'కొంచెం బలంగా' చేయడానికి సారాలా బట్టీలో కాచామని గానీ, స్పిరిట్ కలిపామని గానీ చెబితే గ్లాసు కింద పెట్టేయాలి.

ఎనిమిదో మెట్టు: సీసా పేలకుండా

ఇంటి బీరు వల్ల కలిగే గాయాల్లో నాకు అన్నిటికంటే భయం పగిలే గాజంటేనే. సీసాలో గ్యాసు కోసం లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర చాలు. పులియడం పూర్తి కాకముందే సీసాకు ఎత్తినా, పిండిపదార్థాన్ని కూడా తినగల డయాస్టాటికస్ రకం అడవి ఈస్ట్ చేరినా, 1.012 వద్ద ఆగినట్టు కనిపించిన బీరు లోపల ఇంకా కిందికి దిగుతూ గ్యాసును రెట్టింపు చేస్తుంది. ఈ ఊరి మే నెల ఎండ దానికి తోడైతే సీసా గ్రెనేడ్ అవుతుంది. అల్లం బీరులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, మిగిలిపోయే చక్కెర అంత ఉంటుంది కనుక. అల్లం బీరును ప్లాస్టిక్ సీసాల్లోనే నింపి, నొక్కితే లొంగనంత గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అనుమానం ఉన్న గాజు సీసాలను ఊపకుండా, మందపాటి తువ్వాలు చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని ఫ్రిజ్‌లోకి చేర్చి, పూర్తిగా చల్లబడ్డాక సింకులో తెరవాలి. అన్ని సీసాలూ ఒకే మోతాదులో పొంగుతుంటే చక్కెర ఎక్కువైందని, ఒకటి రెండే పొంగుతుంటే ఆ సీసాలు సరిగ్గా కడగలేదని అర్థం చేసుకోవచ్చు.

ఎవరు దూరంగా ఉండాలి

గర్భిణులకు, కాలేయ వ్యాధి ఉన్నవారికి మద్యమే కూడదు కాబట్టి వేరే చర్చ అక్కరలేదు. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు బతికున్న ఈస్ట్, బాక్టీరియా ఉన్న ఏ ఇంటి పానీయాన్నీ, కొంబుచాతో సహా, తాగకూడదు. క్రిములను ఆపడానికి సల్ఫైట్ పొడి వాడిన పానీయం ఆస్తమా ఉన్నవారికి ఆయాసం తెప్పించవచ్చు. మిగిలిన బీరును, వాడేసిన హాప్స్‌ను కుక్కకు పెట్టవద్దు. హాప్స్ వల్ల కుక్కల ఒంటి వేడి ప్రాణాంతకంగా పెరుగుతుంది.

తాగిన తర్వాత తేడా చేస్తే

లక్షణం కన్నా ముందు సమయం చూడండి. కొన్ని నిమిషాల నుంచి ఆరు గంటల లోపు వాంతులైతే లోహం, పాత్రలు కడిగే రసాయనం, లేదా అన్నం విషం. 12 గంటల నుంచి రెండు రోజుల మధ్య వాంతులు, విరేచనాలైతే నోరోవైరస్. వారాల తర్వాత కామెర్లయితే నీళ్లు. సాధారణ విరేచనాలకు ఓఆర్ఎస్, విశ్రాంతి చాలు. మన దగ్గర చాలామంది కడుపు పాడైన వెంటనే మందుల దుకాణంలో మెట్రోనిడజోల్ లేదా టినిడజోల్ బిళ్ల కొనుక్కుని వేసుకుంటారు. రాత్రి తాగిన మద్యం ఇంకా ఒంట్లో ఉండగా ఈ బిళ్లలు పడితే వాంతులు, గుండెదడ కలగవచ్చని మందు చీటీల్లోనే హెచ్చరిక ఉంటుంది. వాడటం ఆపిన మూడు రోజుల వరకు మద్యం వద్దని కూడా అందులో రాస్తారు. డాక్టరును అడగకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం బొటులిజం గుర్తులు. సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో మొదలవుతాయి, జ్వరం ఉండదు, మనిషి స్పృహలోనే ఉంటాడు, అందుకే చుట్టూ ఉన్నవారు మత్తు దిగలేదని పొరబడతారు. మత్తు దిగాక మళ్లీ చూపు మసకబారి మంచు కురిసినట్టు కనిపిస్తే మిథనాల్‌ను, మూత్రం తగ్గిపోతే గ్లైకాల్‌ను అనుమానించాలి. మిథనాల్‌కు విరుగుడని ఇంట్లో ఇంకొంత మద్యం తాగించడం చేయకూడదు, ఆ వైద్యం ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూస్తూ చేసేది. రక్త విరేచనాలు, ఆగని వాంతులు, తీవ్ర జ్వరం ఉన్నా ఆలస్యం తగదు. విరేచనాలకు, కామెర్లకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దశాబ్దాలుగా నగరానికి ఆధారం. చూపు, శ్వాస, మూత్రం విషయంలో మాత్రం ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు తాగగా మిగిలిన సీసాను మూత బిగించి, ఫ్రిజ్‌లో ఉంటే ఐసు పెట్టి వెంట తీసుకువెళ్లండి, కడిగేయవద్దు. ఎన్ని గంటలకు తాగారు, ఎంత తాగారు, ఇంకెవరు తాగారు, దాంతో ఏం తిన్నారు, వర్ట్ ఎంతసేపు నిలవ ఉంది, స్పిరిట్ కలిపారా అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి. అనుమతి లేకుండా ఇంట్లో కాచిన బీరు అన్న భయంతో డాక్టరు దగ్గర ఆ మాట దాచిపెడితే, బొటులిజానికి గంటల్లో ఇవ్వవలసిన విరుగుడు సీరం రోజులు గడిచాక గానీ అందదు.